అక్క ఓసీడీకి కెటమిన్ డ్రిప్పులు: పొలం కుదువ పెట్టకముందు

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్తే. మాది జడ్చర్ల దగ్గర పల్లె. నేను పోలేపల్లి కంపెనీల షిఫ్టు డ్యూటీ చేస్త. మా అక్కకు 29 ఏండ్లు, బీఈడీ చదివింది. మూడేండ్ల పాప ఉన్నది. అక్కకు ఇంటర్ నుంచే చేతులు కడుగుడు ఎక్కువ. పాప పుట్టినంక ఇంకా పెరిగింది. రోజుకు రెండు సబ్బు బిళ్ళలు అయిపోతయి. స్నానానికి పోతే గంటన్నర. మేము బయటికి పోయొస్తే గడప అవతలనే బట్టలు మార్చుకోవాలె. అమ్మ బియ్యం ఎన్నిసార్లు కడిగినా మళ్ల కడగమంటది. ఆరు నెలల నుంచి మా ఇంట్లనే ఉంటున్నది. ఇంకో సంగతి నాకొక్కనికే చెప్పింది. కత్తిపీట చూస్తే 'పాపను నేనే కోస్తనేమో' అని ఆలోచన వస్తదట. ఆ భయంతోని పాపను ఎత్తుకుంటలేదు. కత్తిపీటను అటక మీద పెట్టించింది. బావకు ఈ సంగతి తెల్వదు.

మొదలు దర్గాకు తీస్కపోయినం, తాయెత్తు కట్టించినం. తర్వాత డాక్టర్ ఇది ఓసీడీ, అంటే వద్దన్నా అవే ఆలోచనలు వచ్చి, చేసిన పనే మళ్లమళ్ల చేయించే జబ్బు అని చెప్పి ఫ్లూఆక్సెటిన్ 20 రాసిండు. నెల వాడినం, గుణం కనబడలేదని బంద్ చేసినం. ఇంకో డాక్టర్ ఎస్సిటాలోప్రామ్ 10, రాత్రికి అల్ప్రాజోలమ్ ఇచ్చిండు. ఆరు వారాలు వేసుకున్నది. నిద్ర పట్టింది గాని కడుగుడు తగ్గలే. ఇప్పుడు హైదరాబాద్‌ల ఒక క్లినిక్ వాళ్లు 'ఇది గోలీలకు లొంగని ఓసీడీ, కెటమిన్ డ్రిప్పులు ఆరు ఎక్కిస్తే నూటికి ఎనభై మందికి నయమైతది' అన్నరు. లక్షా ఇరవై వేలు అడుగుతున్నరు. నాయిన అరెకరం కుదువ పెడ్తనంటున్నడు. బావ సరే అన్నడు. మా దోస్తేమో అది పార్టీలల్ల మత్తుకు వాడే డ్రగ్ అంటడు. ఎక్కించాల్నా, వద్దా? బావకు ఆ కత్తిపీట సంగతి చెప్పాల్నా?

(గుర్తుపట్టకుండా ఉండటానికి కొన్ని వివరాలు మార్చాం.)

సమాధానం:

తమ్ముడూ,

ఇప్పుడు వద్దు. పొలం కుదువ పెట్టొద్దు, క్లినిక్‌కు అడ్వాన్సు కూడా కట్టొద్దు. కెటమిన్ చెడ్డ మందని కాదు నేనీ మాట అంటున్నది. మీ అక్క జబ్బుకు చేయాల్సిన అసలు వైద్యం ఇంతవరకు మొదలే కాలేదు. ఆ వైద్యానికి కెటమిన్ కంటే ఎంతో గట్టి రుజువులున్నాయి, ఖర్చు తక్కువ, చాలావరకు పాలమూరు దాటకుండానే దొరుకుతుంది. ఎందుకంటున్నానో వివరంగా రాస్తున్నాను. మీ నాయనకు కూడా చదివి వినిపించు. కత్తిపీట గురించి రాసిన భాగాన్ని మాత్రం అక్క ఒప్పుకునేదాకా నీ దగ్గరే ఉంచుకో.

ముందు ఆ కత్తిపీట సంగతే మాట్లాడుకుందాం. నీ ఉత్తరంలో కెటమిన్ కంటే ముందు నా మనసు అక్కడే ఆగింది. ఆ మాట నీతో చెప్పడానికి మీ అక్క ఎన్ని రాత్రులు కుమిలిపోయి ఉంటుందో నేను ఊహించగలను. 'నేను ఎంత చెడ్డ తల్లినో' అనుకుంటూ ఉంటుంది. ఆమెకు ఈ మాట గట్టిగా చెప్పు: ఇది ఓసీడీలో తరచుగా కనబడే లక్షణం. చేతులు కడగడం ఎట్లా జబ్బులో భాగమో, ఈ ఆలోచన కూడా అట్లాగే జబ్బులో భాగం. బాలింతల్లో చాలామందికి, ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా, 'బిడ్డను జారవిడుస్తానేమో, ఏమన్నా చేస్తానేమో' అనే ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు మెరుస్తుంది. వాళ్లు ఛీ అనుకొని మరిచిపోతారు. ఓసీడీ ఉన్నవాళ్లకు ఆ ఆలోచన వదలదు. 'నాకు ఇట్లా ఎందుకొచ్చింది, నిజంగా చేస్తానా' అని తవ్వుకుంటూ పోతారు. అక్క పాపను ఎత్తుకోకుండా దూరంగా ఉండటానికి కారణం ఆ పాప మీదున్న ప్రాణమే. ఓసీడీలో ఇట్లాంటి ఆలోచన వచ్చే తల్లి బిడ్డకు హాని చేసే మనిషి కాదు. పాపను ఆమెకు దూరం చేయొద్దు. 'జాగ్రత్త' పేరుతో ఆమెను ఒక్కతినే వదలకుండా కాపలా కాయడం కూడా చేయొద్దు. మీరు కాపలా కాస్తే 'నేను నిజంగానే ప్రమాదమేమో' అని ఆమె నమ్ముతుంది.

దీన్ని వేరే జబ్బుతో కలిపి చూడకూడదు కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఎవరో చెవిలో మాట్లాడుతున్నారని ఆమె అన్నా, పాపలో దయ్యం ఉందని నమ్మినా, రోజుల తరబడి నిద్రపోకుండా పొంతన లేకుండా మాట్లాడినా, ఆ ఆలోచనంటే భయం పోయి అదే సరైన పని అన్నట్టు మాట్లాడినా అది ఓసీడీ కాదు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోవాలి. నువ్వు రాసినదాంట్లో అవేవీ లేవు. ఆమె భయపడుతున్నది, సిగ్గుపడుతున్నది, దాచుకుంటున్నది. అది ఓసీడీ.

ఇక కెటమిన్. మీ దోస్తు చెప్పింది నిజమే, క్లినిక్ వాళ్లు దాన్ని మందు అనడమూ నిజమే. 1962లో అమెరికాలో పార్క్ డేవిస్ కంపెనీ వాళ్లు దీన్ని తయారుచేశారు. 1970లో అక్కడ ఆపరేషన్లకు మత్తుమందుగా అనుమతి వచ్చింది. విరిగిన ఎముక సరిచేసేటప్పుడు, కాలిన గాయాల కట్లు మార్చేటప్పుడు, పిల్లల చిన్న ఆపరేషన్లకు మన దగ్గర కూడా మత్తు డాక్టర్లు ఏండ్ల తరబడి వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తప్పనిసరి మందుల జాబితాలో ఇది ఉంది. దాన్నే కొందరు మత్తుకోసం పీల్చడం మొదలుపెట్టడంతో మన ప్రభుత్వం 2011లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. తర్వాత షెడ్యూల్ ఎక్స్‌లో చేర్చింది. అంటే రెండు ప్రతుల చీటీ ఉంటేనే అమ్మాలి, ఒక ప్రతిని దుకాణంలో రెండేండ్లు దాచాలి. అంత కట్టడి ఉన్న మందు ఇది. ఎవరైనా 'ఇంటికి తీసుకుపోయి వాడండి' అని ఇస్తే అక్కడినుంచి లేచి రావాలి.

మానసిక వైద్యంలోకి ఇది వచ్చింది డిప్రెషన్ దారిలో. మామూలు గోలీలు పనిచేయడానికి వారాలు పడితే, మత్తుకు ఇచ్చేదానికంటే బాగా తక్కువ మోతాదులో నరానికి ఎక్కించిన కెటమిన్‌తో కొందరికి గంటల్లోనే మనసు తేలికపడింది. మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం పనిచేసే చోట ఇది అడ్డుపడుతుంది. మనం ఓసీడీకి వాడే గోలీలు సెరటోనిన్ అనే ఇంకో రసాయనం దారిలో పనిచేస్తాయి. ఓసీడీలో గ్లుటమేట్ పాత్ర కూడా ఉందని అనుమానించడానికి కారణాలున్నాయి కాబట్టి 'ఇక్కడా పనిచేస్తుందా' అని పరిశోధకులు చూశారు. ఆ ప్రశ్న మంచిదే. జవాబు మాత్రం ఇంకా తేలలేదు.

ఎంతవరకు తేలిందో చెప్తాను. 2012లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు గోలీలకు లొంగని ఓసీడీ ఉన్న పదిమందికి కెటమిన్ ఎక్కించి చూశారు. డిప్రెషన్ కూడా ఉన్నవాళ్లకు ఆ బాధ తగ్గింది గాని, ఓసీడీ విషయంలో 'గుణం వచ్చింది' అనే లెక్కకు ఒక్కరూ అందలేదు. 2013లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు పదిహేను మంది మీద ఇంకాస్త కట్టుదిట్టంగా చేశారు. కిలో బరువుకు అర మిల్లీగ్రాము లెక్కన నలభై నిమిషాలు ఎక్కించారు. వారం తర్వాత చూస్తే, మొదటి విడత కెటమిన్ తీసుకున్న ఎనిమిది మందిలో నలుగురికి లక్షణాలు మూడోవంతుకు పైగా తగ్గాయి. ఉత్త సెలైన్ ఎక్కించిన ఏడుగురిలో ఒక్కరికీ అంత తగ్గలేదు. ఈ రెండో ఫలితాన్నే అందరూ ఎత్తి చూపుతారు. అది నిజంగా ఆశ కలిగించేదే, కొట్టిపారేయను. కానీ అందులో మంచి ఫలితం వచ్చింది నలుగురికి. తగ్గింది మూడోవంతు పైచిలుకు. చూసింది వారం రోజులకు. దానికీ 'నూటికి ఎనభై మందికి నయం' అనే మాటకూ ఎంత దూరం ఉందో నువ్వే చూడు.

ఇంకో చిక్కు ఉంది. కెటమిన్ ఎక్కించినప్పుడు ఒళ్లు తేలిపోతున్నట్టు, తాను తన శరీరం నుంచి పక్కకు జరిగినట్టు అనిపిస్తుంది. అందుకని తనకు ఎక్కించింది అసలు మందా, ఉత్త నీళ్లా అన్నది మనిషికి వెంటనే తెలిసిపోతుంది. తెలిశాక ఆశ కూడా కొంత పనిచేస్తుంది. బెంగళూరులో కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఓసీడీ కోసం ప్రత్యేకంగా క్లినిక్ ఉంది. గోలీలకు లొంగని కొద్దిమందికి అక్కడి వైద్యులు కెటమిన్‌ను మళ్లీమళ్లీ ఎక్కించి చూశారు. ఎక్కువమందికి చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. మన దేశంలో ఓసీడీని అంత దగ్గరగా చూసిన చోట వచ్చిన అనుభవం కాబట్టి నేను దానికి ఎక్కువ విలువిస్తాను.

అమెరికా వీడియోల్లో చూపించే ముక్కు స్ప్రే వేరు. ఎస్‌కెటమిన్ అనే ఆ మందుకు అక్కడ 2019 మార్చిలో అనుమతి వచ్చింది, అదీ గోలీలకు లొంగని డిప్రెషన్‌కు. దాన్ని కూడా ఆస్పత్రిలోనే తీసుకొని కనీసం రెండు గంటలు అక్కడే కూర్చోవాలి. ఓసీడీకి దానికి అనుమతి లేదు. మామూలు కెటమిన్‌కైతే ఏ మానసిక జబ్బుకూ అనుమతి ఇవ్వలేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2023 అక్టోబరులో హెచ్చరిక జారీచేసింది. అనుమతి లేని జబ్బుకు డాక్టరు తన బాధ్యత మీద మందు వాడటం వైద్యంలో ఉన్నదే, అది నేరం కాదు. కానీ అట్లా వాడేటప్పుడు 'ఇది ఇంకా పరీక్షల దశలో ఉంది' అని ఇంటివాళ్లకు విప్పి చెప్పాలి. మీకు ఆ మాట చెప్పకుండా ఎనభై శాతం అని చెప్పారు. నాకు కోపం వచ్చింది అక్కడే.

పనిచేసినా ఎన్నాళ్లు? చాలామందిలో ఆ గుణం కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు నిలుస్తుంది. ఆరు డ్రిప్పులు అయిపోయాక 'నెలకొకటి ఎక్కిద్దాం' అంటారు. అప్పుడు లక్షా ఇరవై వేలతో ఆగదు. అరెకరం మీద మిత్తి పెరుగుతుంది, డ్రిప్పులూ పెరుగుతాయి. కెటమిన్ పాత మందు, చౌక మందు. మీరు కట్టే డబ్బంతా మందు ఖర్చు కాదు.

ఒంటికి కూడా కొన్ని ఇబ్బందులున్నాయి. ఎక్కించేటప్పుడు బీపీ, గుండెదడ పెరుగుతాయి. వాంతి వచ్చినట్టుంటుంది, తల తిరుగుతుంది. ఆ రోజంతా బండి నడపకూడదు. మళ్లీమళ్లీ వాడితే మూత్రాశయం దెబ్బతినొచ్చు, అలవాటు పడే ప్రమాదమూ ఉంది. మీ అక్క విషయంలో నాకు ఇంకో భయం. 'నా మీద నాకు అదుపు తప్పుతుందేమో' అనేదే ఆమె జబ్బు పట్టుకున్న భయం. మనసు ఒంట్లోంచి విడిపోయినట్టు అనిపించే ఆ నలభై నిమిషాలు, ఎవరూ ముందుగా చెప్పి సిద్ధం చేయకపోతే, ఆమెకు నరకంగా ఉంటాయి.

ఇప్పుడు గోలీల సంగతి. 'గోలీలకు లొంగని ఓసీడీ' అన్నారు కదా, నువ్వు రాసిన వివరాలు చూస్తే ఆ మాట తప్పు. ఓసీడీకి ఫ్లూఆక్సెటిన్ 20 మొదలుపెట్టే మోతాదు మాత్రమే. తట్టుకునేదాన్ని బట్టి 40, 60, ఒక్కోసారి 80 దాకా తీసుకుపోతాం. ఎస్సిటాలోప్రామ్ కూడా అంతే, 10 దగ్గర ఆగితే చాలామందికి సరిపోదు. డిప్రెషన్‌కు సరిపోయే మోతాదు ఓసీడీకి చాలదు. అంతకంటే ముఖ్యం, గుణం కనబడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నెలకే ఆపేస్తే ఆ మందు పనిచేయలేదని ఎట్లా అంటాం? అల్ప్రాజోలమ్‌తో ఆ పూటకు నెమ్మదిస్తుంది, నిద్ర పడుతుంది, ఓసీడీ తగ్గదు. పైగా అలవాటవుతుంది. ఇప్పటికీ వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మోతాదు పెంచడమూ సొంతంగా చేయొద్దు. మళ్లీ గర్భం ఆలోచన ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

సరైన మోతాదులో ఒకటి, దానికి లొంగకపోతే ఇంకొకటి పూర్తిగా వాడి చూడాలి. సెర్ట్రాలిన్ ఉంది, ఫ్లూవాక్సమిన్ ఉంది. వాటికీ లొంగకపోతే క్లోమిప్రమిన్ ఉంది. అది పాత మందు, అమెరికాలో 1989లోనే ఓసీడీకి అనుమతి పొందింది. నోరెండడం, మలబద్ధకం లాంటి ఇబ్బందులు ఎక్కువ, గుండె పరీక్ష చేసి ఇవ్వాలి, కానీ గట్టి మందు. ఆ తర్వాత కూడా అరిపిప్రజోల్ లేదా రిస్పెరిడోన్ కొద్దిగా కలిపి చూసే దారి ఉంది. తల మీద అయస్కాంత తరంగాలిచ్చే టీఎంఎస్ ఉంది. ఇవన్నీ దాటాక కెటమిన్ పేరెత్తితే అప్పుడు కూర్చొని మాట్లాడుకోవచ్చు. మీ అక్క ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది.

అన్నిటికంటే బాధేమిటంటే, ఇంతమంది డాక్టర్లను చూసినా ఆమెకు అసలు చికిత్స పేరు కూడా ఎవరూ చెప్పినట్టు లేదు. దాన్ని ఈఆర్‌పీ అంటారు, ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు దీనికి దారి వేశాడు. అప్పటినుంచి ఓసీడీకి ఇంతగా నిలబడిన మాటల వైద్యం ఇంకోటి లేదు. చెప్పడానికి చిన్నదే. భయపెట్టేదాన్ని కావాలని ముట్టుకోవాలి, ముట్టుకున్నాక కడగకుండా ఆగాలి. చేయడానికే కష్టం.

మీ ఇంట్లో అయితే ఎట్లా ఉంటుందో చెప్తాను. సైకాలజిస్టు ముందు అక్కతో కూర్చొని భయాలన్నీ రాయిస్తారు. దేనికి తక్కువ భయం, దేనికి ఎక్కువ భయం అని వరస పెడతారు. గేటు గొళ్లెం ముట్టుకోవడం కింద ఉండొచ్చు. నీ డ్యూటీ బట్టలు ముట్టుకోవడం మధ్యలో. పాపను పక్కన కూర్చోబెట్టుకొని కత్తిపీట మీద సొరకాయ కోయడం అన్నిటికంటే పైన. కిందినుంచి మొదలుపెడతారు. గొళ్లెం ముట్టుకొని పది నిమిషాలు చేయి కడగకుండా కూర్చోవాలి. మొదట గుండె దడదడలాడుతుంది, ఏడుపొస్తుంది, నళ్లా దగ్గరికి పరుగెత్తాలనిపిస్తుంది. కూర్చుంటే కాసేపటికి దానంతటదే దిగుతుంది. దిగకపోయినా, భరించగలిగానని ఆమెకు తెలుస్తుంది. మర్నాడు ఇరవై నిమిషాలు. రోజూ చేయాలి, సైకాలజిస్టు దగ్గర చేసింది ఇంటికొచ్చి మళ్లీ చేయాలి. మామూలుగా పన్నెండు నుంచి ఇరవై సార్లు కూర్చోవాల్సి వస్తుంది. గోలీ భయాన్ని కొంచెం దించుతుంది, అప్పుడు ఈ సాధన చేయడానికి బలం వస్తుంది. మీ అక్కంత తీవ్రంగా ఉన్నవాళ్లకు రెండూ కలిపి చేయడమే మంచిది. కడుగుడు నూటికి నూరు పోతుందని నేను చెప్పను. కానీ గంటన్నర స్నానం పావుగంటకు దిగి, బడిలో ఉద్యోగానికి పోయినవాళ్లను నేను చూశాను.

చుట్టాల్లో ఎవరైనా 'శుభ్రం మంచిదే కదా, మన పెద్దలు పాటించలేదా' అంటే ఒకటి చెప్పు. చావు దగ్గరికి పోయొస్తే మనం తలస్నానం చేస్తాం. చేశాక లోపలికొచ్చి అన్నం తింటాం, ఆ పని అయిపోయింది. మీ అక్కకు ఆ 'అయిపోయింది' అన్నది ఎప్పుడూ రాదు. ఆచారానికీ జబ్బుకూ తేడా అక్కడుంది. దర్గాకు పోయినందుకు నేను తప్పుపట్టను. మనసు నెమ్మదిస్తే పోండి, మందు మాత్రం ఆపకండి.

ఇక మీరందరూ చేస్తున్నదాని గురించి. మీ అమ్మ బియ్యం మళ్లీమళ్లీ కడుగుతున్నది, మీరు గడప అవతల బట్టలు మారుస్తున్నారు, కత్తిపీట అటకెక్కింది. ఇవన్నీ ప్రేమతోనే చేస్తున్నారు. కానీ ఇవన్నీ కలిసి రోగానికి బువ్వ పెడుతున్నాయి. ఆమె అడిగింది చేసిన ప్రతిసారీ ఆ పూటకు ఏడుపు ఆగుతుంది, మర్నాడు ఇంకొకటి అడుగుతుంది. అట్లాగని రేపే అందరూ ఒక్కసారి మానేస్తే ఆమె తట్టుకోలేదు, ఇల్లు యుద్ధమైపోతుంది. వైద్యం మొదలయ్యాక, ఆమెతో కూర్చొని, ఆమె ఒప్పుకున్న ఒక్కటి తగ్గించండి. మొదట బియ్యం. మూడుసార్లే కడుగుతామని అమ్మా అక్కా కలిసి మాటనుకోవాలి. నాలుగోసారి అడిగితే కోప్పడకుండా 'నీకు భయమైతున్నదని నాకెరుకే బిడ్డా, మనం మూడే అనుకున్నం గదా' అని చెప్పి ఆగాలి. 'ఏం కాదు, శుభ్రంగానే ఉంది' అని పదేపదే హామీ ఇవ్వడం కూడా కడగడంలాంటిదే, దాన్నీ తగ్గించాలి. తిట్టడం, 'నీళ్ల బిల్లు నువ్వు కడతావా' అని దెప్పడం అస్సలు వద్దు.

ఎక్కడికి పోవాలి? మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో మానసిక విభాగం ఓపీకి పోండి. పోయేముందు ఒక కాగితం మీద ఏ మందు, ఎంత మోతాదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వాడిందో రాసుకో. పాత చీటీలన్నీ పట్టుకుపో. 'ఇది ఓసీడీకి సరిపోయే మోతాదేనా, ఎన్ని వారాలకు మళ్లీ చూస్తారు, ఈఆర్‌పీ ఎవరు చేయిస్తారు' అని నేరుగా అడుగు. అక్కడ ఈఆర్‌పీ చేయించేవాళ్లు దొరకకపోతే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది, బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. ఎర్రగడ్డ అనగానే జనం మొహం మారుస్తారు, నువ్వు పట్టించుకోకు. బయట సైకాలజిస్టును చూసుకుంటే క్లినికల్ సైకాలజిస్టుగా ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా, ఓసీడీకి ఈఆర్‌పీ చేయించిన అనుభవం ఉందా అని అడిగి మరీ పోండి. 'కౌన్సెలింగ్' పేరుతో గంటసేపు ధైర్యం చెప్పి పంపేవాళ్ల దగ్గర ఓసీడీ తగ్గదు.

ఇక్కడ రెండు మందులు సరిగ్గా వాడి, ఈఆర్‌పీ కూడా చేసి, అయినా కదలకపోతే నిమ్‌హాన్స్ ఓసీడీ క్లినిక్‌కు పోండి. మహబూబ్‌నగర్ స్టేషన్‌లోనే బెంగళూరు రైలు ఎక్కొచ్చు. కెటమిన్ ఇవ్వాలా వద్దా అనేది అట్లాంటి చోట తేలాలి. అప్పుడు కూడా మత్తు డాక్టరు దగ్గర ఉంటాడా, బీపీ, ఆక్సిజన్ చూసే యంత్రాలున్నాయా, గుణం కనబడకపోతే ఎన్ని డ్రిప్పులకు ఆపేస్తారు, కనబడితే ఆ తర్వాత ఏం చేస్తారు అని అడగండి. జవాబులు నోటిమాటగా వద్దు, కాగితం మీద తీసుకోండి. ఒక్క సందర్భంలో నా మాట కొంచెం మారుతుంది. ఓసీడీతో పాటు తీవ్రమైన డిప్రెషన్ పట్టుకొని, చావు ఆలోచనలు బలంగా ఉన్నప్పుడు, పెద్ద ఆస్పత్రిలో మానసిక వైద్యులు కెటమిన్ ఇద్దామంటే, ఆ డిప్రెషన్ కోసం దాన్ని ఆలోచించవచ్చు.

అందుకే ఈ ప్రశ్న నువ్వు అక్కను అడిగి తీరాలి: 'చచ్చిపోవాలనిపిస్తుందా?' అడిగితే లేని ఆలోచన రాదు. ఉంటే బయటికి వస్తుంది. ఉందంటే సోమవారం దాకా ఆగొద్దు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపో. రాత్రిపూట దిక్కుతోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యి. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, ఇరవైనాలుగు గంటలూ ఉంటారు.

ఇంకో మాట అడగాలి నిన్ను. నాయిన పొలం కుదువ పెడతానన్నాడు, బావ సరే అన్నాడు, దోస్తు వద్దన్నాడు. అక్క ఏమన్నది? ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ మాట ఎక్కడా లేదు. బీఈడీ చదివిన మనిషి ఆమె. జబ్బు ఆమె ఆలోచనలను పట్టుకుంది గాని తెలివిని తీసుకుపోలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం కూడా, ఏ వైద్యం చేయించుకోవాలో నిర్ణయించుకునే హక్కు ఆమెదే. తన గురించిన విషయాలు ఎవరికి చెప్పాలన్నది కూడా ఆమె ఇష్టమే. నేను రాసింది ముందు ఆమెకు చదవమని ఇవ్వు. ఈఆర్‌పీ ఆమె చేయాల్సిన పని, బలవంతంగా ఎవరూ చేయించలేరు.

బావ సంగతి కూడా దాంట్లోనే తేలుతుంది. ఆమె అనుమతి లేకుండా కత్తిపీట మాట నువ్వు చెప్పొద్దు. సగం తెలిసిన మనిషి దాన్ని తన అమ్మకు చెప్తాడు, వాళ్లు పాపను తీసుకుపోతామంటారు, ఆ ఊళ్లో ఆ మాట ఎట్లా తిరుగుతుందో నీకు తెలుసు. దాచిపెట్టమని కూడా నేను అనను. భార్య తన బిడ్డను ఎందుకు ఎత్తుకోవడం లేదో తెలియక అతను కూడా ఏదేదో ఊహించుకుంటూ ఉంటాడు. అక్క సరే అంటే, రెండోసారి ఓపీకి పోయేటప్పుడు బావను వెంట రమ్మను. ముందుగా డాక్టరుకు చెప్పిపెట్టండి. ఇది ఏ జబ్బు, పాపకు ఎందుకు ప్రమాదం లేదు, ఇంట్లో ఆయన ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నవి అక్క పక్కనే కూర్చుని ఉండగా డాక్టరు నోటి నుంచి వినాలి. చెప్పే మొదటి మాట మాత్రం అక్కే చెప్తానంటే ఆమెనే చెప్పనివ్వండి.